కన్సీల్డ్ ఫ్లష్ ట్యాంకు పనిచేయలేదని టైల్స్ పగలగొట్టనివ్వకండి

అనంతపురంలో కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు బాత్రూం సామాను కొనే ముందు ఇది చదవండి.

మా ఇంట్లో ఫ్లష్ ట్యాంకు గోడ లోపల ఉంటుంది, బయటికి కనిపించేది రెండు బటన్ల ప్లేటు ఒక్కటే. ఈమధ్య బటన్ నొక్కితే నీళ్లు రావడం మానేశాయి. ట్యాంకు అమ్మిన షాపువాళ్లు పంపిన ప్లంబర్ ఆ ప్లేటు మీద చెయ్యి కూడా వేయకుండానే "గోడ పగలగొట్టాల సార్, ట్యాంకే మార్చాల" అన్నాడు. అదే డిజైన్ టైల్స్ ఇప్పుడు దొరకవు కాబట్టి గోడ మొత్తానికి కొత్తవి వేయాలట. ఆ టైల్స్ కూడా వాళ్ల షాపులోనే ఉన్నాయట!

ఇలాంటి మాట నమ్మకండి. లోపలి వాల్వులన్నీ ఆ ప్లేటు వెనకున్న కంత లోంచి తీసి పెట్టుకునేలాగే ఈ ట్యాంకులు తయారుచేస్తారు. ట్యాంకో, గోడలోని పైపో పగిలితే తప్ప గోడ జోలికి పోనక్కర్లేదు.

వేరే ప్లంబర్‌ని పిలిపిస్తే ప్లేటు ఊడదీసి చూశాడు. ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. నీళ్లొచ్చే వాల్వు (ఇన్‌లెట్ వాల్వు)లోని చిన్న జాలీ నిండా తెల్లగా గార. మన బోరు నీళ్లు ఎంత మంచివో గీజర్ రిపేరు చేసేవాళ్లను అడగండి. జాలీని వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే ట్యాంకు నిండింది. గార పోవాలని ట్యాంకులో యాసిడ్ మాత్రం పోయకండి, రబ్బరు వాషర్లు పాడైపోతాయి. నీళ్లుండి కూడా ఫ్లష్ కాకపోతే బటన్ వెనకుండే పుల్లలు పక్కకు జరిగాయేమో చూడండి. టైల్ మందాన్ని బట్టి వాటిని సరిచేసుకోవచ్చు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నీళ్లు కమోడ్‌లోకి వదిలే ఫ్లష్ వాల్వు కింద వాషర్ గట్టిపడిపోయి, నీళ్లు సన్నగా కమోడ్‌లోకి కారుతూనే ఉన్నాయి. ఆ కంపెనీ వాషర్ మాకు ట్యాంకు అమ్మిన షాపులోనే లేదు. వారంటీ ట్యాంకు డబ్బాకే గానీ లోపలి సామానుకు లేదట. కొనేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. వేరే కంపెనీది తెస్తే సరిగ్గా కూర్చోలేదు.

అందుకే ట్యాంకు కొనే ముందు ఫ్లష్ వాల్వు, వాషర్, ఇన్‌లెట్ వాల్వు విడిగా ఉన్నాయా అని అడగండి. "తెప్పిస్తాం" అంటే కుదరదు, కౌంటర్ మీద పెట్టి చూపించమనండి. వారంటీ దేనికి ఎన్నేళ్లో బిల్లు మీదే రాయించుకోండి.

మాకు ఆ వాషర్ ఇంకా దొరకలేదు. ఇలాంటి ట్యాంకుల స్పేర్లు ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, సాయంత్రమే పోయి తెచ్చుకుంటాను.