డెపెష్ మోడ్, న్యూ ఆర్డర్: ముందు ఎవరిని వినాలి?

ఇద్దరూ ఇంగ్లండ్ బృందాలే, ఎలక్ట్రానిక్ వాద్యాలతో పాటలు కట్టినవాళ్లే. ఇద్దరూ చాలా నేర్చుకున్నది జర్మనీ ఎలక్ట్రానిక్ సంగీత బృందం క్రాఫ్ట్‌వర్క్ దగ్గర. నేర్చుకున్నాక మాత్రం ఎవరి దారి వాళ్లది.

డెపెష్ మోడ్ 1980లో ఎసెక్స్‌లోని బాసిల్డన్‌లో పుట్టింది. తొలి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు బృంద సభ్యుడు విన్స్ క్లార్క్ రాసినవే. 1981లో అది వచ్చీ రాగానే ఆయన వెళ్లిపోయాడు. ఇంకొకళ్లయితే దుకాణం కట్టేసేవాళ్లు. బృందంలోనే ఉన్న మార్టిన్ గోర్ కలం పట్టాక పాట రంగే మారింది: చీకటి, అపరాధ భావం, దేవుడితో పేచీ. లోహాల మీద కొట్టిన చప్పుళ్లను శాంప్లర్‌లోకి (శబ్దాలను రికార్డు చేసి మళ్లీ వాయించే యంత్రం) ఎక్కించి తాళంగా వాడుకున్నారు. 1989 నాటి ‘పర్సనల్ జీసస్’కి వచ్చేసరికి బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) వాసన ఉన్న గిటార్ కూడా చేరింది. 1988లో కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియంలోనే కచేరీ చేశారంటే వాళ్ల స్థాయి ఊహించుకోండి.

న్యూ ఆర్డర్ కథ చావుతో మొదలవుతుంది. 1980 మేలో గాయకుడు ఇయాన్ కర్టిస్ పోవడంతో ఆయన బృందం జాయ్ డివిజన్ ఆగిపోయింది. మిగిలిన ముగ్గురూ మాంచెస్టర్‌లోనే కొత్త పేరు పెట్టుకుని, న్యూయార్క్ క్లబ్బుల డ్యాన్స్ సంగీతం వైపు తిరిగారు. 1983లో వచ్చిన ‘బ్లూ మండే’ ఏడు నిమిషాలు దాటిన పాట, అయినా బోర్ కొట్టదు. పీటర్ హుక్ బేస్ గిటార్ వెనక నిలబడి దన్నుగా ఉండే రకం కాదు, పై స్వరాల్లో తానే రాగం తీస్తుంది. పాడే బెర్నార్డ్ సమ్నర్‌ది గొప్ప గాత్రమేమీ కాదు. డెపెష్ మోడ్ గాయకుడు డేవ్ గహన్ గొంతు ముందు అసలు నిలవదు.

మాటల కోసం వింటే డెపెష్ మోడ్, కాలు కదపాలంటే న్యూ ఆర్డర్. నేనైతే రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో మొదటివాళ్లకే ఓటేస్తాను.