ఉంగరం కొండ బాగుంది, గది మాత్రం దండగ

ఒక్క రాత్రికి 289 న్యూజిలాండ్ డాలర్లు. బుకింగ్‌లో ‘మౌంటెన్ వ్యూ’ అని ఉంది కాబట్టి మామూలు గది కంటే 45 డాలర్లు ఎక్కువ కట్టాం. కర్టెన్ తీసి చూస్తే మూడు చెత్త డబ్బాలు, ఒక గ్యాస్ సిలిండర్, ఆ వెనక చెక్క కంచె. కొండ ఏదండీ అని రిసెప్షన్‌లో అడిగితే, మబ్బు పట్టింది కదా, మబ్బు విడిస్తే కనిపిస్తుంది అంది ఆవిడ. మర్నాడు సాయంత్రం మబ్బు నిజంగానే విడిచింది. కొండ కూడా కనిపించింది, కాకపోతే పార్కింగ్‌లోంచి. మా కిటికీ దానికి సరిగ్గా అవతలి వైపుకి ఉంది!

ఇదంతా న్యూజిలాండ్‌లో, టోంగరీరో నేషనల్ పార్క్ పక్కనున్న ఓ చిన్న ఊళ్లో. ఆక్లాండ్ నుంచి కారులో నాలుగున్నర గంటలు పట్టింది, దారి గురించి చెప్పడానికేమీ లేదు, హాయిగా సాగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా తమ్ముడు, మరదలు, మావారు, నేను. తమ్ముడికి ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ పిచ్చి. ఆ సినిమాల్లో చివరికి ఉంగరాన్ని పడేసే మౌంట్ డూమ్‌గా చూపించింది ఇక్కడి న్గౌరుహోయే కొండనే. 2,287 మీటర్ల అగ్నిపర్వతం, ముగ్గుతో గీసినట్టు నున్నటి శంఖాకారం. వాడు టికెట్ కొన్నదే దానికోసం. ఆ కొండ పక్కగా సాగే ‘టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్’ అనే ఒక్కరోజు కొండదారి నడకకి వచ్చాం.

గది సంగతి ఇంకా అయిపోలేదు. హీటర్‌కి టైమర్ పెట్టారు, అరగంటకోసారి దానంతటదే ఆగిపోతుంది, రాత్రంతా వంతులవారీగా లేచి మీట నొక్కుతూ కూర్చున్నాం. ‘బ్రేక్‌ఫస్ట్ ఉచితం’ అంటే మనిషికి రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక చిన్న జామ్ డబ్బీ. గాలి వల్ల నడక ఒక రోజు వాయిదా పడి ఇంకో రాత్రి ఉండాల్సి వస్తే, కౌంటర్‌లో ఆవిడ 340 చెప్పింది. మావారు ఫోన్ తీసి, మీ సైట్‌లోనే 265 ఉందే అంటే, ఆ రేటు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునేవాళ్లకి అంది. ఆయన అక్కడే, ఆవిడ ఎదురుగానే నిలబడి, ఫోన్‌లో 265కి బుక్ చేశారు. ఆవిడ తన స్క్రీన్ మీద చూసుకుని, సరే, చెక్-ఇన్ రెండు గంటలకి, అప్పటిదాకా గది ఖాళీ చేయండి అంది. మా పెట్టెలు సర్దుకుని కారులో పెట్టుకుని, మధ్యాహ్నం మళ్లీ అదే గదిలోకి తెచ్చుకున్నాం.

ఇక షటిల్ బస్సు వాళ్ల గురించి. సీజన్‌లో ఆ నడక మొదలయ్యే మంగాటెపోపో దగ్గర కారు నాలుగు గంటలకి మించి పెట్టనివ్వరు, నడకకేమో ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, పైగా మొదలు ఒకచోట, చివర ఇంకోచోట. అందుకని షటిల్ తప్పదు. మనిషికి 55, నలుగురికి 220 డాలర్లు. ముందురోజు సాయంత్రమే మెసేజ్ పెట్టారు: రేపు పైన గాలి ఎక్కువ, బస్సు నడపం, డబ్బులు వెనక్కి కావాలా, ఎల్లుండికి మార్చాలా అని. కింద చూస్తే ఆకు కదలడం లేదు. తమ్ముడు ముఖం మాడ్చుకుని, మనమే కారేసుకుని పోదాం బావా అని ఒకటే గొడవ. మావారు ఒప్పుకోలేదు. ఆ రోజు టరనాకి జలపాతం దాకా నడిచి వచ్చాం, బాగుంది.

తర్వాతి రోజు పొద్దున్నే కారు చివరి పాయింట్ దగ్గర వాళ్ల పార్కింగ్‌లో పెట్టించి, అక్కణ్నుంచి బస్సులో మొదటికి తీసుకెళ్లారు. అలా చేస్తేనే మంచిది, సాయంత్రం బస్సు వెళ్లిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు. బస్సు నడిపేది యాభై దాటినావిడ, ఎక్కుతున్న ప్రతివాళ్ల బూట్లూ, బ్యాగులూ చూస్తోంది. మరదలు వేసుకున్న పల్చటి కాటన్ స్వెటర్ చూసి, దీంతో పంపను అని సీటు వెనక నుంచి ఒక రెయిన్ జాకెట్ తీసిచ్చింది. సాయంత్రం పార్కింగ్‌లో ఇచ్చేయమంది, పైసా అడగలేదు. రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం అంచు మీదికి వచ్చాక గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు తెలిసింది ఆ జాకెట్ విలువ. ముందురోజు బస్సు ఎందుకు ఆపారో కూడా అప్పుడే తెలిసింది మా వాడికి, నోరెత్తలేదు.

దారి సుమారు 20 కిలోమీటర్లు. అలిపిరి మెట్లు ఎక్కాం కదా, ఇదెంత అనుకుని రాకండి. అక్కడ పైకప్పు ఉంటుంది, నీళ్లు దొరుకుతాయి, మజ్జిగ అమ్ముతారు. ఇక్కడ ఏమీ లేవు, తాగే నీళ్లు కూడా మనమే మోసుకెళ్లాలి. సోడా స్ప్రింగ్స్ దాటాక డెవిల్స్ స్టెయిర్‌కేస్ అని నిట్టనిలువు ఎక్కుడు, ఆ తర్వాత సౌత్ క్రేటర్ చదును, మళ్లీ ఎక్కితే 1,886 మీటర్ల ఎత్తున రెడ్ క్రేటర్. దారి మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఇదే. అసలు ప్రమాదం ఎక్కేటప్పుడు కాదు, అక్కణ్నుంచి ఎమరాల్డ్ సరస్సుల వైపు దిగేటప్పుడు. మొత్తం వదులు కంకర, బూడిద. అడుగేస్తే కాలితోపాటు నేల కూడా కిందికి జారుతుంది, పక్కనేమో గంధకం వాసనతో ఆవిర్లు. మడమ లోతుగా దిగేసి, మోకాళ్లు కొంచెం వంచి దిగాలి. నా ముందు ఒకాయన నిటారుగా దిగబోయి కూర్చున్నచోటే పదడుగులు జారాడు, అరచేతులు గీసుకుపోయాయి. కర్రలు అద్దెకి దొరుకుతాయి, జత 10 డాలర్లు, తీసుకోండి, బేరాలాడకండి.

న్గౌరుహోయే శిఖరం ఎక్కుతానని తమ్ముడు సౌత్ క్రేటర్ దగ్గర మొండికేశాడు. “ఇంత దూరం వచ్చి ఎక్కకుండా వెళ్తే ఎట్లా అక్కా?” అని. దానికి గుర్తులు పెట్టిన దారే లేదు, పైవాళ్ల కాళ్ల కింద నుంచి రాళ్లు దొర్లుకుంటూ వస్తాయి. అంతకంటే ముఖ్యం, టోంగరీరో, న్గౌరుహోయే, రువాపెహు అనే ఇక్కడి మూడు కొండల శిఖరాలు ఈ దేశపు మూలవాసులైన మావోరీలకు పవిత్రం. ఎక్కవద్దనీ, సరస్సుల్లో కాలు పెట్టవద్దనీ వాళ్లు కోరుతున్నారు. ఆ కొండల్ని కాపాడమని 1887లో వాళ్ల పెద్ద తె హ్యూహ్యూ ప్రభుత్వానికి అప్పగిస్తేనే ఈ పార్కు పుట్టింది. మావారు చివరికి, సినిమావాళ్లకే శిఖరం మీద షూటింగ్‌కి ఒప్పుకోలేదట్రా, నువ్వెవరు అన్నారు. వాడు కింద నుంచే ఫొటోలు దిగి, గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. సెంట్రల్ క్రేటర్‌లో పులిహోర డబ్బా మూత తీశాకే మాట కలిపాడు.

దిగేటప్పుడు టె మారి క్రేటర్ పక్కగా వెళ్తాం. 2012లో ఆగస్టులో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి పేలింది అదే. ఆగస్టులో రాళ్లు వచ్చి, నడిచేవాళ్ల కోసం కట్టిన కెటెటాహి గుడిసె కప్పులోంచి పడ్డాయి. ఆ భాగంలో ఆగకుండా నడవమని బోర్డులుంటాయి, నిజంగానే ఆగకండి, మోకాళ్ల నొప్పులు కారు దగ్గర చూసుకోవచ్చు. చివర్లో అడవి ఎంతకీ తెగదు, నాకైతే అదే విసుగు.

గది 45 డాలర్ల గురించి మెయిల్ పెట్టాను. ‘వ్యూ వాతావరణాన్ని బట్టి ఉంటుంది’ అని జవాబొచ్చింది. కిటికీ దిక్కు కూడా వాతావరణాన్ని బట్టి మారుతుందా అని మళ్లీ రాశాను, దానికి జవాబు లేదు. వెళ్లేవాళ్లు టూరంగి అనే ఊళ్లో దిగండి. సూపర్ మార్కెట్ ఉంది, అక్కణ్నుంచీ షటిల్స్ ఉన్నాయి. గాలి కోసం ఒక రోజు అదనంగా ఉంచుకోండి, గది మాత్రం ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోండి. ‘వ్యూ’ అని రాసి ఉంటే, ఏ కిటికీలోంచో ఫొటో పంపమని అడిగాకే డబ్బు కట్టండి.