పేపర్ మోడల్ కొయ్యడానికి ఏది మేలు: చేతి కట్టరా, కటింగ్ మిషనా?

కర్నూల్లో స్కూలు ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, "అన్నా, ఆ కటింగ్ మిషన్ ఒకటి కొంటే పని అయిపోతాది కదా?" అని అడిగేవాళ్ళు తగులుతూనే ఉంటారు. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునే సిల్హౌట్, క్రికట్, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ లాంటి మిషన్ల సంగతి అది. స్టిక్కర్లు, శుభలేఖలు, బర్త్‌డే డెకరేషన్ చేసేవాళ్ళకు అవి వరమే. కానీ కలర్ ప్రింట్ తీసి, కోసి, మడిచి అంటించే పేపర్ మోడళ్ళ లెక్క వేరు. చేత్తో కోసేటప్పుడు మన కన్ను కాగితం మీదున్న బొమ్మను చూస్తుంది. మిషన్ చూసేది కంప్యూటర్ ఫైల్లో ఉన్న గీతను మాత్రమే. లాభమూ తలనొప్పీ రెండూ అక్కడి నుంచే పుడతాయి.

చేతి పనికి కావలసినవి తక్కువే. 30 డిగ్రీల సన్న మొన ఉన్న కట్టర్, స్టీల్ స్కేలు, కింద పరిచే కటింగ్ మ్యాట్, వంకరలకు ఒక చిన్న కత్తెర, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను. చివరిదాన్ని చులకనగా చూడొద్దు. కొయ్యకముందే మడత గీతలన్నిటి మీదా స్కేలు పెట్టి ఆ పెన్నుతో నొక్కి గీస్తే, తర్వాత మడత నూలు పట్టినట్టు వస్తుంది. లోపలికి మడిచేవి, బయటికి మడిచేవి వేరువేరుగా ఉంటే కాగితం తిప్పి గీసుకోవచ్చు. ప్రింటు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా నష్టం లేదు, ఎందుకంటే బ్లేడు బొమ్మ వెంటే పోతుంది. ఇబ్బందల్లా ఓపికదే. కోటగోడ పైన వరసగా వచ్చే పళ్ళు, బండి చక్రాల ఆకులు, జాలీ కిటికీలు కొయ్యాల్సి వస్తే వేళ్ళు లాగేస్తాయి. చివరి పేజీకి వచ్చేసరికి గీత వంకర పోవడం మొదలవుతుంది.

ఇక మిషన్. నెట్‌లో ఉచితంగా దొరికే మోడళ్ళలో చాలావరకు పీడీఎఫ్‌లే. అందులో బొమ్మ ఉంటుంది కానీ ఎక్కడ కొయ్యాలో మిషన్‌కు తెలిసే గీత విడిగా ఉండదు. దాన్ని మనమే తయారు చెయ్యాలి. సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ కొడితే, అంటే బొమ్మ అంచుల్ని అదే పట్టి గీతలు గీసేలా చేస్తే, బయటి అంచుతో పాటు కిటికీలు, ఇటుకల గీతలు, భాగాల నంబర్లు కూడా కటింగ్ గీతలైపోతాయి. లేత రంగు గోడైతే తెల్ల కాగితంలో అంచే దొరకదు. వాటన్నిటినీ సరిచేసి, మడత గీతలు విడిగా వేసుకునే టైములో ఆ పేజీని చేత్తో కోసి సగం అంటించేయొచ్చు. మోడల్ పెపకురా (3డీ బొమ్మను కాగితం భాగాలుగా పరిచే సాఫ్ట్‌వేర్) ఫైల్‌గా దొరికితే కథ మారుతుంది. ఆ జపాన్ సాఫ్ట్‌వేర్ పెయిడ్ వెర్షన్‌తో గీతలను డీఎక్స్‌ఎఫ్ అనే గీతల ఫైల్‌గా బయటికి తీయొచ్చు, కోత, మడత ఏవేవో ముందే తెలిసి ఉంటాయి.

తర్వాతి మెట్టు గుర్తులు. ప్రింటు ఎక్కడ పడిందో తెలుసుకోడానికి సిల్హౌట్ అయితే పేజీ మూలల్లో మూడు నల్ల గుర్తులు పెడుతుంది: ఒక చిన్న చదరం, రెండు మూల గీతలు. మిషన్‌లోని సెన్సార్ వాటిని వెతుక్కుని దాని ప్రకారం కోస్తుంది. ఆ గుర్తులు కొంత చోటు తినేస్తాయి కాబట్టి అంచుదాకా నిండిన ఏ4 మోడల్ పేజీ అందులో పట్టదు. కుదిస్తే అన్ని పేజీలనూ ఒకే శాతం కుదించాలి, లేదంటే పైకప్పు ఒక సైజు, గోడలు ఇంకో సైజు. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించేటట్లయితే ‘ఫిట్ టు పేజ్’ పెట్టొద్దని ముందే గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క టిక్కుతో గుర్తుల సైజే మారిపోతుంది, అప్పుడు మిషన్ గుర్తులు దొరకలేదంటుంది. గ్లాసీ కాగితం మీద వెలుతురు తిరగ్గొట్టినా అదే గోల. మెరుపు లేని (మ్యాట్ ఫినిష్) కాగితమే మంచిది. మందం లెక్కలో 160 నుంచి 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) దాకా నాకు నచ్చుతుంది. అంతకన్నా మందమైతే చిన్న భాగాలు మడతల దగ్గర మొరాయిస్తాయి.

మడతల్లోనే అసలు తేడా కనపడుతుంది. మిషన్ సాధారణంగా మడత గీతను చుక్కచుక్కగా కోస్తుంది. ముదురు రంగు ప్రింటైతే మడిచాక ఆ చుక్కల దగ్గర తెల్ల కాగితం తొంగి చూస్తుంది. స్కెచ్ పెన్నుతో అంచులకు రంగు రాసుకుంటే కొంత కప్పుకుంటుంది. లేజర్ ప్రింటైతే చుక్కలు లేకపోయినా మడతలో టోనర్ (ప్రింటరు రంగు పొడి) పగిలి తెల్ల గీత పడుతుంది. ఆ తప్పు మిషన్‌ది కాదు. చూపుకు నీటుగా ఉండాలనుకునే మోడల్‌కు, కోత మిషన్‌తో చేయించినా మడత గీతలు బాల్‌పెన్నుతో చేత్తోనే గీసుకోమంటాను.

మన ఊరి ఎండ, దుమ్ము సంగతి కంపెనీల వీడియోల్లో ఎవరూ చెప్పరు. కాగితాన్ని పట్టి ఉంచేది జిగురు పూసిన మ్యాట్. మే నెలలో మేడ మీది గదిలో వదిలేస్తే ఆ జిగురు మెత్తబడి, కాగితం తీసేటప్పుడు వెనక పొర చీరుకుపోతుంది. దుమ్ము పడితే అసలు పట్టదు, కోత మధ్యలో కాగితం జరుగుతుంది. ప్లాస్టిక్ కవర్ మళ్ళీ వేసి, మంచానికిందో అల్మరాలోనో నేల మీద పరిచినట్టు పెట్టాలి. మురికి పడితే గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి గాలికి ఆరబెడితే మళ్ళీ కొంతకాలం పనికొస్తుంది. కోతలో ఉండగా కరెంటు పోయిందా, ఆ పేజీ మీద ఆశ వదులుకోవడమే. చిన్న యూపీఎస్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు.

మరి మిషన్ ఎక్కడ గెలుస్తుంది? ఒకే మోడల్ చాలా కాపీలు కావాలంటే. క్లాసులో నలభై మంది పిల్లలకు కొండారెడ్డి బురుజు మోడల్ చేయించాలనుకోండి. డిజైన్ మీరే కంప్యూటర్లో గీస్తే కోత గీత అప్పటికే ఉన్నట్టే, ట్రేస్ గొడవే లేదు. ఒక్కసారి కుదిరాక మొదటి పేజీకీ నలభయ్యో పేజీకీ తేడా రాదు. చిన్నపిల్లల చేతికి బ్లేడు ఇవ్వాల్సిన టెన్షన్ తప్పుతుంది, వాళ్ళకు మడవడం, అంటించడం మిగుల్తుంది. అలాంటి టీచరు కొనాలా అని అడిగితే కొనమంటాను. నెలకో బొమ్మ సరదాగా చేసుకునేవాళ్ళు మాత్రం పదుల వేలు అందులో పోయొద్దు. ఆ డబ్బుతో మంచి కట్టర్లు, కాగితం, కలర్ ప్రింట్లు ఏళ్ళ తరబడి వస్తాయి.

కొనడమే ఖాయమైతే పేపర్ మోడళ్ళకు నా ఓటు సిల్హౌట్‌కే. దాని ఉచిత సాఫ్ట్‌వేర్ డీఎక్స్‌ఎఫ్ తెరుస్తుంది. ఎస్‌వీజీ (ఇదీ గీతల ఫైలే), పీడీఎఫ్ తెరవాలంటే మాత్రం డబ్బు కట్టి డిజైనర్ ఎడిషన్ తీసుకోవాలి. ఏ4 కాగితానికి సిల్హౌట్‌లో ఎనిమిది అంగుళాల పోర్ట్రెయిట్ మోడల్ సరిపోతుంది, పన్నెండు అంగుళాల కేమియో అక్కర్లేదు. క్రికట్ ఎస్‌వీజీని ఉచితంగానే తీసుకుంటుంది, కానీ చాలా పనులకు అకౌంటూ నెట్టూ అడుగుతుంది. స్కాన్‌ఎన్‌కట్‌లో స్కానర్ ఉంది కాబట్టి ప్రింటును నేరుగా చూసి కోస్తుంది, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. బయటి అంచు వరకు బాగానే ఉంటుంది గానీ ఏది మడత, ఏది కోత అన్నది దానికి తెలియదు.

ఊళ్ళో రేడియం స్టిక్కర్ షాపుల్లో ప్లాటర్లు (రోల్ స్టిక్కర్ కోసే పెద్ద మిషన్లు) ఉన్నాయి కదా, వాళ్ళ దగ్గరే కోయించుకుంటే పోలా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఆ మిషన్ స్టిక్కర్ పైపొరను మాత్రం కోస్తుంది, కింద ఉన్న బ్యాకింగ్ కాగితం ముక్కల్ని పట్టి ఉంచుతుంది. మన ప్రింటుకు బ్యాకింగ్ ఉండదు, పూర్తిగా కోస్తే ముక్కలు రోలర్లలో ఇరుక్కుంటాయి. పైగా ప్రింట్ గుర్తుల్ని చదివే సెన్సార్ అన్ని ప్లాటర్లకూ ఉండదు. తప్పదంటే ప్రింటే స్టిక్కర్ షీట్ మీద తీయించి అంచు వరకు కోయించుకుని, దాన్ని ఒలిచి మందపాటి ఐవరీ కాగితం మీద అంటించి, మళ్ళీ చుట్టూ చేత్తో కోసుకోవాలి.