టీపీ-లింక్ ఆర్చర్ సి6 రౌటర్: ఒకే కనెక్షన్, మూడు రకాల వాడకందారులు

నల్లగొండలో ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్న ఇళ్లలో చాలావరకు కంపెనీ మనిషి గోడకు బిగించిన బాక్సు నుంచే వైఫై నడుస్తుంటుంది. పాస్‌వర్డ్ ఆయన పెట్టిందే ఉంటుంది, అది సాధారణంగా ఇంటాయన ఫోన్ నంబరే అయి ఉంటుంది. ఒక్క కుటుంబం మాత్రమే ఉన్న ఇంటికి దానితో పని గడిచిపోతుంది. రామగిరి వైపు ఉన్న మా ఇంట్లో పై గది డిగ్రీ విద్యార్థులకు కిరాయికి ఇచ్చాము, నెట్ కూడా కిరాయిలోనే కలిపి ఉంది. కింద ఇంటర్ చదివే అబ్బాయి ఉన్నాడు, గేటు దగ్గర సీసీ కెమెరా ఉంది. ఎవరికి ఎంతవరకు తలుపు తెరవాలో నిర్ణయించే అధికారం ఇంటివారి చేతిలో ఉండాలన్న ఉద్దేశంతోనే కంపెనీ బాక్సుకు తోడుగా ఈ రౌటర్ తీసుకున్నాము.

ముందుగా ఈ రౌటర్ సంగతి. దీనిలో రెండు బ్యాండ్లు, అంటే వైఫై సంకేతాలు నడిచే రెండు దారులు, ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సెకనుకు 300 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 867 మెగాబిట్లు అని రాసి ఉంటుంది గానీ అవి లెక్కల్లో ఉండే వేగాలు, ఫోనుకు అందేవి కావు. మందపాటి ఇటుక గోడ దాటాలంటే 2.4 నయం, ఎదురుగా కూర్చుని వాడేటప్పుడు 5 నయం. అన్నిటికన్నా పనికొచ్చేది కేబుల్ పెట్టే పోర్టులన్నీ గిగాబిట్‌వి, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల దాకా మోసేవి, కావడం, ఎందుకంటే 100 మెగాబిట్లకు మించిన ప్లాను తీసుకున్న ఇంట్లో పాతకాలపు పోర్టులున్న రౌటర్ పెడితే మిగిలిన వేగానికి కట్టిన డబ్బు వృథాయే.

దీన్ని ఎలా కలపాలన్న దగ్గరే అసలు మెలిక ఉంది. కంపెనీ బాక్సు నుంచి వచ్చే లాన్ కేబుల్‌ను ఈ రౌటర్‌లో ఇంటర్నెట్ కోసం ప్రత్యేకంగా ఉన్న పోర్టులోనే పెట్టాలి, రౌటర్ మోడ్‌లోనే నడపాలి. నెట్ బిగించడానికి వచ్చే కుర్రవాళ్లు తొందరగా పని ముగించుకోవడానికి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫైని పంచడం తప్ప మరే పనీ చేయని పద్ధతిలో, పెట్టి వెళ్తుంటారు. అప్పుడు వైఫై బ్రహ్మాండంగా వస్తుంది, కాని పిల్లల వాడకానికి హద్దులు పెట్టే పేరెంటల్ కంట్రోల్స్, ఏ పరికరానికి నెట్ ఇవ్వాలో తేల్చే యాక్సెస్ కంట్రోల్ రెండూ పనిచేయవు, అంటే దేనికోసం కొన్నామో అదే పోతుంది. కంపెనీవారు ఒప్పుకుంటే వాళ్ల బాక్సును బ్రిడ్జ్ మోడ్‌కు (బాక్సు తాను రౌటర్ పని మానేసి నెట్‌ను అలాగే ముందుకు పంపే పద్ధతికి) మార్పించి, కనెక్షన్ లాగిన్ వివరాలైన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను ఈ రౌటర్‌లో ఇవ్వడం అన్నింటికన్నా శుభ్రమైన పద్ధతి. మా కంపెనీ పేరు ఇక్కడ అనవసరం గానీ, ఆ వివరాలు అడిగితే ‘అవి మీకెందుకు సార్’ అన్నదే వారి మొదటి జవాబు. బ్రిడ్జ్ కుదరకపోయినా ఫరవాలేదు, ఒక రౌటర్ వెనక మరొకటి నడుస్తుంది, సినిమాలకూ పాఠాలకూ తేడా తెలియదు. అయితే కంపెనీ బాక్సులోని వైఫైని తప్పనిసరిగా ఆపించాలి. దాన్ని వదిలేసి కొత్త రౌటర్‌లో ఎన్ని ఆంక్షలు పెట్టినా పాత పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఫోనూ పెరటి దారిన వెళ్లిపోతూనే ఉంటుంది.

సెటింగ్స్ పేజీకి వెళ్లడానికి బ్రౌజర్‌లో 192.168.0.1 కొడితే చాలు, ఫోనులో చేయదలచినవారికి టెథర్ అనే యాప్ ఉంది. మొదటిసారి తెరిచినప్పుడు రౌటర్‌కు మనమే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, అది వైఫై పాస్‌వర్డ్‌కు భిన్నంగా ఉండటం మంచిది. వైఫై పాస్‌వర్డ్ ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పక తప్పదు, రౌటర్ పాస్‌వర్డ్ మాత్రం ఇంటి తాళం. ఇదే పేజీలో వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ పిన్‌ను కూడా ఆపేయాలి. ఆ ఎనిమిది అంకెల పిన్‌ను రౌటర్లు రెండు ముక్కలుగా సరిచూస్తాయని, అందువల్ల సుమారు 11,000 ప్రయత్నాల్లోనే దాన్ని పట్టుకోవచ్చని 2011లోనే బయటపడింది.

కిరాయి విద్యార్థుల విషయానికి గెస్ట్ నెట్‌వర్క్ చక్కగా సరిపోయింది. వారికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి. ఇంటి లోపలి నెట్‌వర్క్‌ను అతిథులు చూడటానికి అనుమతించే గడిని ఖాళీగా వదిలితే వారికి ఇంటర్నెట్ అందుతుందే తప్ప మన కెమెరా రికార్డర్, ప్రింటర్ కనిపించవు. గది ఖాళీ చేసినప్పుడు ఆ ఒక్క పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుంది, ఇంట్లో టీవీ నుంచి ఫోన్ల దాకా అన్నిటినీ మళ్లీ కలుపుకునే బాధ ఉండదు. నా దృష్టిలో ఈ రౌటర్ ధరను రాబట్టే సౌకర్యం ఇదే.

పేరెంటల్ కంట్రోల్స్‌లో పిల్లవాడి పేరుతో ఒక ప్రొఫైల్ తయారుచేసి, అతని ఫోనును దానికి చేర్చి, రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటి నుంచి ఆపాలి అన్నవి నిర్ణయించవచ్చు. నిద్రవేళను ఆదివారం నుంచి గురువారం వరకు ఒక తీరుగా, శుక్ర, శనివారాలకు మరో తీరుగా పెట్టుకునే వీలుంది. శనివారం కూడా క్లాసులు నడిపే మన ఇంటర్ కాలేజీల పుణ్యమా అని శుక్రవారం రాత్రికి ఆ సడలింపు మేము వాడుకోలేదు. వెబ్‌సైట్ల పేర్లలోని మాటలను బట్టి ఆపే సదుపాయం కూడా ఉంది గానీ దానిమీద ఎక్కువ ఆశ పెట్టుకోనక్కరలేదు. అశ్లీల సైట్లను ఆపడమే ఉద్దేశమైతే సైటు పేరును దాని నంబరు అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ గడుల్లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వారి కుటుంబాల సేవకు చెందిన 1.1.1.3, 1.0.0.3 రాయడం తేలిక, అది ఉచితం కూడా. ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్ (ఫోను సొంతంగా ఎంచుకునే డీఎన్ఎస్) లేదా వీపీఎన్ (నెట్‌ను మరో సర్వర్ గుండా చాటుగా పంపే యాప్) పెట్టుకోవడం తెలిసిన కుర్రవాడికి అది అడ్డు కాదన్నది వేరే మాట.

అన్నిటికన్నా ఎక్కువమందిని తికమకపెట్టే విషయం మ్యాక్ అడ్రస్. రౌటర్ ఒక ఫోనును గుర్తుపట్టేది పన్నెండు అక్షరాల ఆ అడ్రస్‌ను బట్టే. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు గోప్యత కోసం అసలు అడ్రస్‌ను దాచి ఒక కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయి. అది మారిన రోజున ఆ ఫోను రౌటర్ లెక్కలో ఎవరో కొత్త మనిషి, పాత ఆంక్షలేవీ దానికి వర్తించవు. రౌటర్ చూపించే జాబితాలో అడ్రస్ రెండో అక్షరం 2, 6, ఎ, ఈ లలో ఏదైనా అయితే అది కల్పితమేనని గుర్తు. ఆ ఫోనులో మన ఇంటి వైఫై పేరు నొక్కి, ప్రైవసీ దగ్గర ఫోను అసలు మ్యాక్‌ను వాడేలా మార్చిన తరువాతే ప్రొఫైల్‌లో చేర్చాలి. ఆ మార్పును పిల్లలు వెనక్కి తిప్పకుండా ఉండాలంటే యాక్సెస్ కంట్రోల్‌లో ఆపాల్సినవాటి బ్లాక్‌లిస్ట్ బదులు అనుమతించినవాటి వైట్‌లిస్ట్ ఎంచుకోవాలి. జాబితాలో ఉన్నవాటికే నెట్ అందుతుంది కాబట్టి అడ్రస్ మార్చిన ఫోను తనంతట తానే బయట నిలబడుతుంది. కాకపోతే సెటింగ్స్ మారుస్తున్న ఫోనును లేదా కంప్యూటర్‌ను ముందుగా చేర్చుకోవాలి, గెస్ట్ పరికరాలను కూడా మరిచిపోకూడదు. ఇవన్నీ వైఫైకి మాత్రమే. సిమ్‌లో డేటా ఉన్నంతకాలం రాత్రి పదకొండుకు రౌటర్ ఆపినదాన్ని టవర్ అందిస్తుంది, ఆ రీచార్జి సంగతి తల్లిదండ్రులే చూసుకోవాలి.

రౌటర్‌కు గడియారం కూడా ముఖ్యమే. టైమ్ జోన్‌ను భారతదేశానికి, అంటే +5:30కు మార్చకపోతే నిద్రవేళ మరెప్పుడో మొదలవుతుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ సమయాన్ని ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది. ఎండాకాలం కోతలు తట్టుకోవడానికి ఇన్వర్టర్ లేని ఇళ్లవారు 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకోవడం మంచిది. దానిమీద కంపెనీ బాక్సును కూడా నడపాలి, ఒక్క రౌటర్ వెలుగుతూ ఉంటే లాభం లేదు.

స్లాబు మీది గదిలో 5 గిగాహెర్ట్జ్ సరిగా అందదు. మా విద్యార్థులు 2.4తోనే సర్దుకుంటున్నారు, పాఠాల వీడియోలకు అది చాలు. రెండు అంతస్తులలోనూ మంచి వేగం కావాలనుకునేవారు పైకి ఒక లాన్ కేబుల్ లాగి, పాత రౌటర్ ఏదైనా ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టుకోవచ్చు. ఆంక్షలన్నీ కిందనున్న ఆర్చరే చూసుకుంటుంది. అయితే అలా పెట్టిన పై రౌటర్ ఇంటి అసలు నెట్‌వర్క్‌లోకే తలుపు తెరుస్తుంది గనుక దాని పాస్‌వర్డ్‌ను కిరాయివారికి ఇవ్వకూడదు.