కాలేజీ ఫుట్‌బాల్ రిక్రూటింగ్ చందా: ఏళ్ల తరబడి కట్టాక

2017 డిసెంబరులో జింబో ఫిషర్ టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా వచ్చాడు. పదేళ్ల కాంట్రాక్టు, ఏడున్నర కోట్ల డాలర్లు. మా జట్టు రిక్రూటింగ్ వార్తలు, అంటే ఏ హైస్కూలు ఆటగాడు మా కాలేజీకి వస్తాడన్న వార్తలు రాసే సైట్‌కి నేను చందా కట్టడం మొదలుపెట్టింది కూడా ఆ నెలలోనే. ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊళ్లో ఎమ్మెస్ చేసే రోజుల్లో, జట్టు స్టేడియం కైల్ ఫీల్డ్‌లో లక్షమందితో కలిసి ఆట మొత్తం నిలబడి అరిచే అలవాటు పట్టుకుంది. ఉద్యోగం వచ్చి డాలస్ వైపు చేరినా అది వదల్లేదు. మధ్యలో సైట్లు మార్చాను గానీ చందా మానింది తక్కువ. "ఇన్నేళ్లు డబ్బు పోశావు, ఏమొచ్చింది?" అని మా ఆవిడ ప్రతి జనవరిలో అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే.

ఈ గోల తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది, ఆటగాణ్ని జట్టు ఎంచుకుంటుంది. కాలేజీలో అలా కాదు, పిల్లాడే కాలేజీని ఎంచుకుంటాడు. పదహారు, పదిహేడేళ్ల కుర్రాడి ఇంటికి కోచ్ వెళ్లి, అమ్మానాన్నల ఎదురుగా కూర్చుని ఒప్పించాలి. ఎవరు ఎటు మొగ్గుతున్నారు, ఎవరు ఏ వారాంతం ఏ క్యాంపస్ చూసొచ్చారు అని రాయడమే ఒక వ్యాపారం. 247స్పోర్ట్స్, ఆన్3, రైవల్స్ ఇందులో పెద్ద పేర్లు. 2025లో రైవల్స్‌ను ఆన్3 కొనేసింది కాబట్టి ఇప్పుడు ఆ రెండూ ఒకే గూటివి. ఈఎస్‌పీఎన్‌కి 300 మంది జాబితా వేరే ఉంది. ఒక్కో కుర్రాడికి ఈ సైట్లు ఇచ్చే ర్యాంకులు, స్టార్ల రేటింగులు అందరికీ ఉచితం. ఒక్కో కాలేజీ వెనక తిరిగే రిపోర్టర్లు రాసే "లోపలి సమాచారం" కావాలంటే మాత్రం నెలకు దాదాపు పది డాలర్లు కట్టాలి.

ముందు స్టార్ల సంగతి, ఎందుకంటే గొడవంతా వాటి దగ్గరే. మన ఎంసెట్ ర్యాంకు లాంటిదే అని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఎంసెట్‌లో పరీక్ష ఉంటుంది, కీ ఉంటుంది. ఇక్కడ ఉన్నవి వీడియోలు, క్యాంపులు, చూసేవాళ్ల కళ్లు. 247స్పోర్ట్స్ ఏటా దాదాపు 32 మందికే ఐదు స్టార్లు ఇస్తుంది. ఆ 32 ఎక్కడిదంటే, ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఉండేది 32 పిక్‌లు, అంటే ఎంపికలు. అంటే ఐదో స్టారు చెప్పేది "వీడు మీ కాలేజీని గెలిపిస్తాడు" అని కాదు. "నాలుగేళ్ల తర్వాత వీడు మొదటి రౌండులో పోవచ్చు" అని. చందా కట్టే అభిమానుల్లో ఎక్కువమంది ఈ తేడా చూడరు, సైట్లు కూడా దాన్ని పెద్దగా గుర్తుచేయవు.

తేడా ఎంతో మా జట్టే చూపించింది. 2022లో ఎ అండ్ ఎమ్ తెచ్చుకున్న క్లాసు, అంటే ఆ ఏడాది కొత్తగా చేరిన కుర్రాళ్ల గుంపు, దేశంలో నంబర్ వన్. సైట్ల రేటింగులన్నీ కలిపి వేసే ఉమ్మడి పాయింట్ల లెక్కలో అప్పటిదాకా ఏ కాలేజీకీ రానంత స్కోరు. అలబామా కోచ్ నిక్ సేబన్ ఆ మేలో ఒక సభలో, ఎ అండ్ ఎమ్ ప్రతి ఆటగాణ్నీ కొనుక్కుందని అనేశాడు. మర్నాడు ఫిషర్ ప్రెస్ మీట్ పెట్టి తిట్టినంత పని చేశాడు. మాకైతే పండగే. తీరా సెప్టెంబరు వచ్చాక సొంత గడ్డ మీద అప్పలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టు చేతిలో 17-14తో ఓడాం. సీజను ఐదు గెలుపులు, ఏడు ఓటములతో ముగిసింది. తర్వాతి ఏడు నవంబరులో ఫిషర్‌ను పంపించడానికి ఇవ్వాల్సి వచ్చిన సొమ్ము కూడా ఏడున్నర కోట్ల డాలర్ల పైమాటే. క్లాసులో సగం పేర్లు వేరే ఊళ్లు పట్టాయి. ఇవాన్ స్టువార్ట్ ఆరెగన్‌కి, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కానర్ వైగ్‌మన్ హ్యూస్టన్‌కి, వాల్టర్ నోలెన్ ఓల్ మిస్‌కి వెళ్లిపోయారు.

మరి రేటింగులు తప్పా? 2025 డ్రాఫ్టు చూడండి. 16వ పిక్‌లో ఎన్ఎఫ్ఎల్ జట్టు అరిజోనా నోలెన్‌ను తీసుకుంది. ఆ వెంటనే 17వ పిక్‌లో సిన్సినాటి షెమార్ స్టువార్ట్‌ను తీసుకుంది. ఇద్దరూ ఆ 2022 క్లాసు వాళ్లే. షెమార్ ఎక్కడికీ పోకుండా మూడు సీజన్లు మాతోనే ఉన్నాడు. ఆ మూడింటిలో కలిపి అతని శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) నాలుగున్నర. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడమే పనైన వాడికి అది చాలా తక్కువ. అయినా ఒళ్లు, వేగం చూసి ఎన్ఎఫ్ఎల్ మొదటి రౌండులోనే ఎగరేసుకుపోయింది. స్టార్లు ఇచ్చినవాళ్లు తాము చెప్పింది నిలబెట్టుకున్నట్టే. మేం విన్నది వేరు.

జట్టు మొత్తంగా చూస్తే మాత్రం ఈ అంకెలు 2024 సీజను దాకా గట్టిగానే నిలిచాయి. బడ్ ఎలియట్ అనే రచయిత "బ్లూ చిప్ రేషియో" అని ఒక లెక్క ప్రచారంలోకి తెచ్చాడు. గత నాలుగు క్లాసుల్లో నాలుగు, ఐదు స్టార్ల వాళ్లు సగం మించి ఉంటేనే జాతీయ టైటిల్ ఆశ పెట్టుకోవాలి అని దాని సారాంశం. 2023లో టైటిల్ గెలిచిన మిషిగన్, 2024లో గెలిచిన ఒహాయో స్టేట్, ఇద్దరూ ఆ గీత పైనున్న వాళ్లే. ఒక్క కుర్రాడి దగ్గరికి వచ్చేసరికే లెక్క తప్పుతుంది. హ్యూస్టన్‌కి దక్షిణంగా ఉన్న వెస్ట్ కొలంబియాలో క్యామ్ వార్డ్ చదివిన స్కూలు వింగ్-టీ అనే పాత పద్ధతిలో ఆడేది. బంతి విసరడమే అరుదు. విసరని క్వార్టర్‌బ్యాక్‌కి వీడియో ఎక్కడిది? స్టార్లు సున్నా. చివరికి శాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ స్కాలర్‌షిప్ ఇచ్చింది. అక్కణ్నుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కణ్నుంచి మయామీ, 2025 డ్రాఫ్టులో అందరికంటే ముందు టెన్నెసీ టైటన్స్. మా క్యాంపస్‌కి కొన్ని గంటల దూరంలో పెరిగిన పిల్లాడు. మా "లోపలి సమాచారం" ఎప్పుడైనా ఆ పేరు ఎత్తిన గుర్తు నాకు లేదు.

ఇక డబ్బు కట్టించేది, అంటే ఎవరు ఎక్కడ చేరతారన్న జోస్యాలు. 247స్పోర్ట్స్ వాళ్లది క్రిస్టల్ బాల్, ఆన్3 వాళ్లది ప్రెడిక్షన్ మెషీన్. చాలా ఏళ్లు చూశాక నాకు అర్థమైంది ఇది: నెలల ముందు చెప్పే జోస్యం గాలివాటం, చివరి రెండు రోజుల్లో చెప్పేది దాదాపు ఖాయం. కానీ ఆ చివరి జోస్యం అరగంటలో ట్విట్టర్‌లో ఉచితంగా తిరుగుతుంది. అంటే డబ్బిచ్చి కొనేది గాలివాటాన్నే. ఈ రిపోర్టర్ల భాష కూడా నేర్చుకోవాలి. "మంచి ఫీలింగ్ ఉంది" అంటే ఏమీ తెలియదని. "కాస్త గమనించాల్సిన పరిస్థితి" అంటే పిల్లాడు పోయాడని. వాళ్లను తప్పు పట్టలేం. కోచ్‌ల గురించి చేదుగా రాస్తే రేపు ఫోన్ ఎత్తరు. అభిమానికి చేదు వార్త చెబితే చందా మానేస్తాడు. ఇద్దరినీ మంచి చేసుకుంటూ నిజం ఎంత చెప్పగలరో అంతే చెబుతారు.

ఆ చివరి గంటలో కూడా ఒక్కోసారి తలకిందులవుతుంది. 2021 డిసెంబరు 15న దేశంలో నంబర్ వన్ కుర్రాడు ట్రావిస్ హంటర్ ఫ్లోరిడా స్టేట్‌లో సంతకం చేస్తాడని అందరూ కూర్చుంటే, డియాన్ శాండర్స్ కోచింగ్ చేస్తున్న జాక్సన్ స్టేట్ అనే చిన్న స్థాయి కాలేజీకి వెళ్లాడు. మాకు సంబంధం లేని వార్త, అయినా ఆఫీసులో మీటింగు నడుస్తుండగా టేబుల్ కింద ఫోన్ పట్టుకుని చదివాను. అన్నీ తెలిసిన నిపుణుల్లా మాట్లాడే రిపోర్టర్లందరూ ఆ రోజు మాలాగే నోళ్లు తెరిచారు. అదొక్కటీ చందా లేకుండా దొరికిన ఆనందం.

ఇంతకీ డబ్బుకి దక్కిందేంటంటే, లైన్‌మెన్, అంటే ముందు వరసలో ఎదుటివాణ్ని ఢీకొనే భారీ ఆటగాళ్ల గురించిన రాతలు. ఇది నేను ఊహించని లాభం. క్వార్టర్‌బ్యాక్‌లు, రిసీవర్ల గురించి ఎవరైనా రాస్తారు. ఆ వరసలో ఆడే 300 పౌండ్ల ట్యాకిల్ గురించి ఓపిగ్గా రాసేది ఈ చందా సైట్లలోని ఒకరిద్దరే. కుర్రాడు మొదటి అడుగు ఎంత త్వరగా వెనక్కి వేస్తున్నాడు, చేతులు ఎదుటివాడి ఛాతీ లోపల పడుతున్నాయా బయట పడుతున్నాయా, నాలుగో క్వార్టర్‌లో నడుం నిటారుగా అయిపోతోందా. వీటిని వీడియో ఆపి ఆపి చూపిస్తారు. అవి చదివాక నేను బంతి వెనక కళ్లు పరిగెత్తించడం మానేశాను. ఆట వేరేలా కనపడుతుంది. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఎందుకు ఆగాడో ఇప్పుడు కామెంటేటర్ చెప్పక్కర్లేదు.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది, దీనికి చందా అక్కర్లేదు. శుక్రవారం రాత్రి హైస్కూలు ఆటకి వెళ్లండి. ఆలెన్‌లో స్కూలు స్టేడియం 2012లో ఆరు కోట్ల డాలర్లతో కట్టారు, 18 వేల సీట్లు. ఫ్రిస్కో స్కూళ్లు కొన్ని ఆటలు డాలస్ కౌబాయ్స్ ప్రాక్టీసు చేసే ఫోర్డ్ సెంటర్‌లోనే ఆడతాయి. డంకన్‌విల్, డిసోటో, సౌత్‌లేక్ లాంటి చోట్ల నాలుగు, ఐదు స్టార్ల వాళ్లు ఒకే ఆటలో ఇద్దరు ముగ్గురు కనపడతారు. మన పిల్లలు మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటారు కాబట్టి తల్లిదండ్రులు ఎలాగూ వెళ్తారు. హాఫ్‌టైమ్ అయ్యాక లేచి పోతారు, అదే బాధ. ఇంకో గంట కూర్చుని, రేటింగులో పేరున్న కుర్రాడు ఒక్కణ్నే పట్టుకుని చూడండి. బంతి తన వైపు రానప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. ఏ స్కౌటింగ్ రిపోర్టులోనూ అంత దొరకదు.

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక, 2021లో ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నిబంధన ఎత్తేశాక, ఈ చందా విలువ పడిపోయింది. అంతకుముందు ఒక కుర్రాడి గురించి రెండేళ్లు చదివితే తర్వాత మూడు నాలుగేళ్లు వాడి ఆట చూసేవాళ్లం. ఇప్పుడు రెండేళ్లు చదివిన వాడు ఏడాదికే వేరే రంగు జెర్సీలో కనపడతాడు. కుర్రాడు ఒక కాలేజీకి కట్టుబడుతూ సంతకం చేసే, 1964 నుంచి ఉన్న నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను కూడా 2024 అక్టోబరులో రద్దు చేశారు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. నిర్ణయం ఇప్పుడు ఎక్కువగా ఆ బేరంలో తేలుతుంది, ఆ బేరం రిపోర్టర్‌కి ఎవరూ చూపించరు. సైట్లలో ఒక్కో ఆటగాడి పేరు పక్కన కనపడే డాలర్ల విలువ ఒప్పందం కాదు, అంచనా. దాన్ని చూసి "మనవాళ్లు వాడికి అంత ఇస్తున్నారట" అని వాట్సాప్‌లో పెట్టేవాళ్లు నాకు బాగా తెలుసు.

2025లో మైక్ ఎల్కో కోచింగ్‌లో ఎ అండ్ ఎమ్ వరసగా 11 ఆటలు గెలిచింది. నోటర్ డేమ్ మీద 41-40 కూడా అందులోదే. (పాత ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ చేతిలో ఓడింది తర్వాత, ఆ సంగతి ఇక్కడ వద్దు.) ఆ జట్టులో బంతి పట్టింది నార్త్ కరొలైనా స్టేట్ నుంచి వచ్చిన కేసీ కన్సెప్సియన్, మిసిసిపి స్టేట్ నుంచి వచ్చిన మారియో క్రేవర్. క్వార్టర్‌బ్యాక్‌లను పడగొట్టింది బౌలింగ్ గ్రీన్ నుంచి వచ్చిన క్యాషియస్ హవెల్. ముగ్గురూ పోర్టల్ దారిలో వచ్చినవాళ్లే. వాళ్ల కోసం నేను ఏళ్ల తరబడి చదివిందేమీ లేదు, వాళ్లు వచ్చిన వారం చదివింది చాలింది.

డబ్బు దగ్గర ఒక జాగ్రత్త. మొదటి ఏడాది సగం ధరకో, నెలకో డాలరుకో ఆఫర్ పెట్టి, తర్వాత పూర్తి ధరకు తనంతట తానే రెన్యూ అయ్యే పద్ధతి ఈ రంగంలో మామూలు. నేను వాడిన ఒక సైట్‌లో రద్దు చేసే బటన్ ఎక్కడుందో వెతకడానికే ఒక సాయంత్రం పోయింది. చివరికి మెయిల్ పెడితే గానీ ఆగలేదు. మెచ్చుకోవాల్సింది కూడా ఉంది: కార్డు తీసేసిన మర్నాడే మళ్లీ సగం ధర ఆఫర్ పంపారు. అందుకే పూర్తి ధర ఎప్పుడూ కట్టకండి.

ఇంకొకటి, ఇది చందాకి సంబంధం లేకపోయినా చెప్పాలి. కుర్రాడు వేరే కాలేజీ ఎంచుకున్నాడని వాడి ఖాతా కింద బూతులు రాసే అభిమానులు ప్రతి జట్టులోనూ ఉన్నారు. మా వాళ్లలో తక్కువేం లేరు. వాడికి పదిహేడేళ్లు, మన ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడి వయసు. రమ్మని బతిమాలుతూ మెసేజ్‌లు పెట్టడం కూడా వద్దు. అభిమానులు రిక్రూట్‌లను సంప్రదించొద్దని కాలేజీల్లో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసులు ఎప్పణ్నుంచో మొత్తుకుంటున్నాయి.

ఏడాది పొడవునా చందా అవసరం లేదని ఇప్పుడు నా లెక్క. ర్యాంకులు, కమిట్‌ల (కాలేజీకి మాటిచ్చిన కుర్రాళ్ల) జాబితా ఉచితంగా చూసుకోవచ్చు. సంతకాల రోజు ఇప్పుడు డిసెంబరు మొదటి బుధవారం. పోర్టల్ గడువు 2026 నుంచి జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కసారే. కాబట్టి థాంక్స్‌గివింగ్ ఆఫర్లలో నెలవారీ చందా తీసుకోండి, రెండు నెలలు లైన్‌మెన్ రాతలతో సహా అన్నీ చదవండి, పోర్టల్ మూసిన మర్నాడు ఆపేయండి. జనవరి 17కి ఫోన్‌లో రిమైండర్ ఇప్పుడే పెట్టుకోండి. మా ఇంట్లో ఆ రిమైండర్ మా ఆవిడ ఫోన్‌లో ఉంటుంది.