రాయగడలో కేసు సమీక్షలపై శిక్షణ: వెళ్లదగినదే, సరిదిద్దవలసినవీ ఉన్నాయి

ఆశ్రమ పాఠశాలల వార్డెన్లు, మేట్రన్లు, బాలల సంరక్షణ సిబ్బంది కోసం ఒక స్వచ్ఛంద సంస్థ ఒడిశాలోని రాయగడలో కేసు సమీక్షలపై, అంటే బిడ్డకు హాని జరిగిన సందర్భాలను వెనక్కి వెళ్లి పరిశీలించి పాఠాలు నేర్చుకోవడంపై, నిర్వహించిన ఈ శిక్షణ ఆసాంతం ఒకే ప్రశ్న చుట్టూ నడిచింది: బిడ్డకు హాని జరగకముందు, అప్పటికి తెలిసిన సమాచారంతో సిబ్బందికి ఆ నిర్ణయమే సరైనదని ఎందుకు తోచింది? తప్పెవరిదో తేల్చి, మెమో ఇచ్చి, ఫైలు మూసేయడానికి అలవాటుపడిన మనకు ఈ పద్ధతి మొదట కొరుకుడుపడదు.

అన్నిటికన్నా మేలైనది గోడ మీద కాగితాలతో చేయించిన అభ్యాసం. దసరా సెలవుల తరువాత హాస్టలుకు తిరిగిరాని ఒక బాలిక కల్పిత కేసును తీసుకుని, మేట్రన్‌కు, ఉపాధ్యాయుడికి, ఆరోగ్య కార్యకర్తకు ఏ తేదీన ఏమి తెలిసిందో వరుసగా అంటింపజేశారు. వలస వెళ్లి ఉంటారని వార్డెన్ అనుకోవడం మా ప్రాంతంలో ఎంత సహజమో, ఆ సహజత్వమే ఎంత ప్రమాదకరమో అక్కడ కనిపించింది. ఎవరికి వారు తమ పని చేశారు గానీ, ఆ ముక్కలన్నీ ఒకచోట చేరే ఏర్పాటే లేదు. సమీక్ష అనేది ఫిర్యాదుకు బదులు కాదని, పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ) చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం ముందే జరగాలని, కింది ఉద్యోగి నేరాన్ని తెలియజేయని సంస్థ బాధ్యుడికి 21వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చని స్పష్టంగా చెప్పారు.

ఇంగ్లండులో సంరక్షకుల చిత్రహింసల వల్ల 2000లో మరణించిన ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ కేసును, దానిపై 2003లో వెలువడిన లామింగ్ విచారణ నివేదికను వివరించారు. అయితే బిడ్డ మాతృభాష ఇంగ్లీషు కానప్పుడు దుబాసీ ఉండాలన్న సిఫారసును ఒక్క వాక్యంలో దాటేశారు. గిరిజన భాష కువి మాట్లాడే బిడ్డ, ఒడియాలో రాసుకునే అధికారి, తెలుగు మాట్లాడే మేట్రన్ ఒకే గదిలో ఉండే జిల్లాలో ఒక పూట చర్చించవలసిన విషయమది. కరపత్రాలు కూడా ఒడియా, ఇంగ్లీషులలోనే ఇచ్చారు.

మరో లోపం ఇంకా తీవ్రమైనది. ఒక స్థానిక కేసులో పేరు తీసేశారు గానీ, పాఠశాల, పండుగ, తండ్రి వృత్తి ఉంచారు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ గుర్తింపుకు దారితీసే ఏ వివరాన్నయినా వెల్లడించరాదంటుంది. చిన్న ఊళ్లలో ఆ మూడు చాలు. అడిగితే నిర్వాహకులు ఆ పుట తొలగించారు, అది మెచ్చదగినదే.

భోజనం, వసతి మామూలుగా ఉన్నాయి, రుసుము లేదు. వార్డెన్లు తప్పక వెళ్లాలి. తదుపరి విడతకు పార్వతీపురం మన్యం సిబ్బందినీ పిలవాలి; రైలెక్కి సరిహద్దు దాటిన బిడ్డ విషయంలో మన గోడ మీద ఉండవలసిన కాగితాలలో సగం వారి దగ్గరే ఉంటాయి.