నురగ కొలవాలంటే: పోసి చూడాలా, చిలికి చూడాలా?

సబ్బు ద్రావణం ఎంత నురగ ఇస్తుందో చూడటానికి ల్యాబుల్లో పాత దారి రాస్-మైల్స్ పరీక్ష. 1941 నాటిది. అడుగున 50 మి.లీ. ద్రావణం ఉన్న గాజు గొట్టంలోకి, 90 సెం.మీ. ఎత్తు నుంచి అదే ద్రావణం మరో 200 మి.లీ. ధారగా పడుతుంది. ధార ఆగగానే నురగ ఎత్తు చూస్తారు, 5 నిమిషాలాగి మళ్లీ చూస్తారు. అంతే. గాజు సామాను చాలు. కానీ గోడకు పాత సబ్బు కాస్త అంటుకున్నా, ధార సరిగ్గా మధ్యలో పడకపోయినా లెక్క తేడా వస్తుంది.

చిలికే యంత్రాల సంగతి వేరు. జర్మనీలో తయారయ్యే సీటా ఫోమ్ టెస్టర్‌లో రోటర్ తిరుగుతూ ద్రావణంలోకి గాలిని కలుపుతుంది. మజ్జిగ కవ్వం గుర్తొస్తుంది గానీ, ఇక్కడ వేగం, తిప్పే సమయం మనం పెట్టినట్టే నడుస్తాయి. నురగ పైభాగం ఎప్పుడూ ఎగుడుదిగుడే కదా, సూదుల్లాంటి సెన్సర్లు దాన్ని చాలా చోట్ల తాకి ఘనపరిమాణం లెక్కగడతాయి. కొంచెం తిప్పడం, కొలవడం, మళ్లీ తిప్పడం. అలా నురగ ఎలా పెరిగిందో, ఆపాక ఎలా కుంగిందో మొత్తం తెలుస్తుంది.

ఒకదాని అంకెల్ని రెండోదానితో పోల్చకూడదు, గాలి కలిసే తీరే వేరు. వాషింగ్ మెషిన్ డిటర్జెంట్‌కైతే నా ఓటు చిలకడానికే. కొత్త బ్యాచ్ పాతదానిలాగే ఉందా అని చూసుకోవడానికి మాత్రం గాజు గొట్టం చాలు.